నా పేరుతో వేణు ఫోన్లు

జూన్ 2, సోమవారం

సీతారామపురంలో పెళ్లిచూపులు. జీపులో తొమ్మిదిమందిమి. పిల్ల పేరు శిరీష. ఆత్మకూరులో చీరల కొట్లో పని. నాకు ముప్పై ఏళ్లు, ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కుతాను – అంతవరకు నిజమే చెప్పారు. మిగతాది చెన్నయ్య మామ చూసుకున్నాడు.

జీపు దిగేముందు మామ పాఠం: "నోరు తెరవబాకు. నేలచూపులు చూడబాకు. మనిషి కళ్లలోకి చూడాల." చూశాను. పిల్ల తండ్రి కళ్లలోకి, ఆయన కాఫీ మొత్తం తాగేదాకా, రెప్ప వేయకుండా. పాపం, ఆయన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. "మావాడు దేన్నైనా నిదానంగా చూస్తాడు, పనిమంతుడు" అన్నాడు మామ. సిగ్గులేని జన్మ.

పిల్లను ఒక్కసారి చూశాను. పళ్లెంలో చిందరవందరగా ఉన్న గ్లాసులను రెండు వరసలు చేసి, అప్పుడు తీసుకెళ్లింది. నచ్చింది.

జూన్ 3

నేను మితభాషినట. మామ వాళ్లకలా చెప్పాడు. ఇన్నేళ్లూ ఇంట్లో నా పేరు మొద్దు. ఒక్క పూటలో మితభాషి!

జూన్ 5, గురువారం

ఎనిమిదేళ్లప్పుడు నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది, ఆటిజం అని. నాయన ఆ కాగితం మడిచి ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాడు. "పెద్దయితే అదే పోతాది" అన్నారు బంధువులందరూ. తాయెత్తులు కట్టారు. బడిలో గంట మోగితే చెవులు మూసుకుంటున్నానని సారు నన్ను విడిగా కూర్చోబెట్టాడు – గంట పక్కనే. ఎంత తెలివి!

పెద్దయ్యాను. పోతుందన్నవాళ్లలో ముగ్గురు పోయారు. అది నాతోనే ఉంది.

చెంచాలు చెక్కే షెడ్డులో మస్తాన్ మేస్త్రి ఒక్కడే నాకు ఏమీ కట్టలేదు. ఫోర్కు చేతికిచ్చి "మొనలన్నీ ఒకటేనా చూడబ్బయా" అన్నాడు. ఒకటి కాదు. అప్పటినుంచి షెడ్డులో ప్రతి ఫోర్కూ నా చేతి కింద నుంచే బయటికి పోతుంది. ఈ మాట పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పుకోదగ్గది అదొక్కటే.

జూన్ 9, సోమవారం

ఛార్జరు కోసం వేణు ఫోన్ల కొట్టుకు వెళ్లాను. వేణు అంటే చెన్నయ్య మామ కొడుకు. కౌంటరు వెనక వంగి ఎవరితోనో గుసగుసలు.

"ఆఁ, నేనే, మాలకొండయ్యను. ఇప్పుడే చెంచాలు చెక్కి వచ్చినా. నువ్వు తిన్నావా?"

మాలకొండయ్యను నేను. గుమ్మంలో నిలబడి ఉన్నాను.

పిల్ల తండ్రి ఫోన్‌లో మాట్లాడుకోనివ్వండి అన్నాడట. మామ కొత్త సిమ్ తీసి, ఆ నంబరు నాదని వాళ్లకిచ్చి, ఫోను కొడుక్కిచ్చాడు. రోజూ మాట్లాడుతున్నాడు. నాకు బిర్యానీ ప్రాణమట. ఆ వాసనొస్తేనే నేను లేచి బయటికి పోతాను. వేణుకు కొయ్య చెక్కే బాడిస ఎటు పట్టుకోవాలో తెలియదు, చెంచాలు చెక్కుతాడట!

"నీకోసమే గదరా" అన్నాడు. నవ్వుతూ.

జూన్ 10

అమ్మతో.

"ఆ పిల్లకు తర్వాతైనా తెలుస్తాది గదా?"

"తెలిస్తే సర్దుకుంటాది. ఆడపిల్ల."

"ఇది మోసం."

"మేం పోయినాక నిన్నెవరు చూస్తార్రా?" – ఏడుపు.

నేను అన్నం వండుకుంటాను. బట్టలు ఉతుక్కుంటాను. వేళకు షెడ్డుకు పోతాను. నాయనకు తన తువ్వాలు ఎక్కడుందో తెలియదు. ఆయన్ను ఎవరు చూస్తారని మాత్రం ఈ కొంపలో ఎవరికీ బెంగ లేదు.

జూన్ 12

ట్రంకుపెట్టె తెరిచాను. కాగితం ఉంది. మడతల దగ్గర చిరుగు.

జూన్ 13, శుక్రవారం

ఆత్మకూరులో షెడ్డు సరుకు దించి, నేరుగా చీరల కొట్టుకు. లైట్ల రొద, కొత్త బట్టల వాసన... కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాను. తర్వాత శిరీష ముందుకెళ్లి, రాసుకున్న వరసలోనే చెప్పాను. నాకు ఆటిజం. ఫోన్‌లో మాట్లాడేది నేను కాదు. బిర్యానీ తినను. కాగితం ఇచ్చాను.

మడుస్తున్న చీర అట్లాగే వదిలేసింది.

"మరి నేను మాట్లాడింది ఎవరితో?"

"మామ కొడుకు వేణుతో. పెళ్లయింది. ఇద్దరు పిల్లలు."

ముఖం ఎర్రబడింది. ముఖాలు నాకు అర్థం కావు, అందుకే అడిగాను – కోపమా, ఏడుపా?

"రెండూ" అంది. "మా అమ్మ చచ్చిపోయిన సంగతి గూడా ఆయనకే చెప్పుకున్నా."

ఏమనాలో తెలియలేదు. తెలియలేదనే చెప్పాను. కాగితం రెండుసార్లు చదివింది.

"మీరే అయ్యుంటే ఫోన్‌లో ఏం మాట్లాడి ఉందురు?"

"నేను ఫోనెత్తను. ఎదురుగా ఉన్నా మనుషులు నాకు అర్థం కారు, ఇంక ఫోన్‌లోనా."

ఈసారి నవ్వింది. లేదా నవ్వు లాంటిది. నా అసలు నంబరు తీసుకుంది.

"ఆదివారం పదకొండుకు చేస్తా. మీరే ఎత్తాల. ఎత్తకపోతే మా నాయనకు అంతా చెప్పి, వద్దంటా."

"ఎత్తితే?"

"ఎత్తండి ముందు."

జూన్ 14

ఇంట్లో చెప్పేశాను. మామ పరుగున వచ్చాడు. "కొంప ముంచినావు గదరా!" అమ్మ వంటింట్లో నుంచి బయటికి రాలేదు. గంటసేపు తిట్లు. చివరికి మామ బుర్రలో వెలిగిన ఉపాయం – "రేపు ఆ ఫోను వేణుకియ్యి. వాడు సర్దుతాడు."

ఇంకా వేణూనే! వీళ్లకు బుద్ధి రమ్మన్నా రాదు.

జూన్ 15, ఆదివారం

పది నలభై. పెరటి గదిలో ఉన్నాను, గొళ్లెం వేసుకుని. బయట మామ, నాయన, వేణు.

ఏం మాట్లాడాలో మూడు వాక్యాలు రాసుకున్నాను. "తిన్నావా" కొట్టేశాను, అది వేణు మాట. "బాగున్నారా" కూడా కొట్టేశాను – ఆమె బాగా లేదని నాకు తెలుసు, ఎందుకు అడగడం. ఒకటి మిగిలింది: మీ అమ్మ గురించి నాకు చెప్పండి.

ఇది సరైనదో కాదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

రెండు వారాలుగా వీళ్లందరినీ ఛీ అనుకుంటూ గడిపాను. హాయిగానే ఉండింది. ఇప్పుడు ఎవరినీ తిట్టబుద్ధి కావడం లేదు. ఆమె వద్దంటే నాకు బాధేస్తుంది. ఇది ఇంతవరకు నాకే తెలియదు.

పదకొండు. మోగుతోంది.

రెండో రింగు. మూడు. తలుపు అవతల వేణు గొంతు సవరించుకుంటున్నాడు – పెన్ను పక్కన పెట్టి నేనే ఎత్తుతున్నాను.