ఇరవై నాలుగో సీసా

ఏప్రిల్ 4
రేపటి నుంచి కిర్మెన్ మౌన క్యాంప్. తమ్ముడు కదా అని వంటకీ, గెస్టులకు మా ఆచారాలు ఇంగ్లీషులో చెప్పడానికీ ఒప్పుకున్నాను. ఇరవై నాలుగు నీళ్ల సీసాలకు లేబుళ్లు నేనే రాశాను, తడిసినా చెరగని ఇంకుతో: ‘మౌనానికి స్వాగతం’. రాస్తుంటేనే అసహ్యమేసింది.

ఏప్రిల్ 6
చెవులు చిల్లులు పడేలా పిట్టలు అరిచే మా ఊరి దేవుడి వనంలో కిర్మెన్ స్పీకర్ పెట్టి పిట్టల కూతలు వినిపించాడు. గెస్టులు కళ్లు మూసుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఛీ.

వనాన్ని చూసుకునేది మా మేనమామ. ఏదైనా తేలకపోతే దాని అంచున బండ మీద కూర్చుంటాడు. అక్కడ ఏం చేస్తావని చిన్నప్పుడు అడిగాను. నోరు మూసుకుని వింటానే, నువ్వూ ఒకసారి ప్రయత్నించు అన్నాడు.

ఏప్రిల్ 8
గెస్టులు వెళ్లిపోయారు. వనంలోకి వెళ్లి చూశాను. సీసాలు, బిస్కెట్ కవర్లు, వాడి పడేసిన టిష్యూలు.

ఫోన్ చేసి తిడితే కిర్మెన్ నవ్వాడు. లోపలిది ఆకు కూడా బయటికి తేకూడదని నువ్వే కదక్కా చెప్పావు, బుద్ధిగా పాటించారు పాపం, అన్నాడు.

నిజమే. నేనే చెప్పాను. మూడుసార్లు.

ఏప్రిల్ 9
దర్బార్, అదే మా ఊరి మగవాళ్ల సభ, కూర్చుంది. ఆడవాళ్లం బయట నిలబడి విన్నాం. సగంమంది చెత్త ఏరేయమన్నారు. మిగతావాళ్లు లోపలికి వెళ్లిందల్లా వనదేవుడు బాసాదే, ముట్టుకుంటే ఊరికి కీడు అన్నారు. టిష్యూ కాగితానికి దణ్ణం పెట్టేలా ఉన్నారు.

మామ లేచాడు. బండ దగ్గరికి నడిచాడు.

ఏప్రిల్ 10
వాన. మామ అన్నం ముట్టలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఆయనకేమైనా అయితే కిర్మెన్‌ని బతకనివ్వను.

వాడే ఫోన్ చేశాడు. మామ వానలో కూర్చున్న ఫొటో ఒకటి పంపక్కా, వచ్చే క్యాంప్ పోస్టర్‌కి బాగుంటుంది అన్నాడు. కట్ చేశాను. చేతులు కడుక్కున్నాను.

ఏప్రిల్ 11
పొద్దున్నే మామ తడిసి ముద్దయి వచ్చాడు. వక్క నోట్లో వేసుకుని చెప్పాడు. ఇచ్చింది బాసాదే పిల్లా, పారేసింది ఇచ్చినట్టు కాదు, ఏరి తెచ్చెయ్. కానీ దేన్లోనైనా పురుగో పుట్రో కాపురం పెట్టిందా, అది ఆయన ఇల్లు, కదిలించకు.

బాసాయే చెప్పాడా అని అడిగాను. ఏమోనే, ముందు అన్నం పెట్టు అన్నాడు.

ఏప్రిల్ 12
ఇరవై మూడు తెచ్చాను.

ఇరవై నాలుగో దాన్లో నత్త గుడ్లు పెట్టింది. వదిలేశాను. లేబుల్ చెక్కుచెదరలేదు. నా చేతిరాతే.