పేటెంటుకు ఇల్లు చూడబోయిన పెద్దబాపు

సిరిసిల్ల, జూన్ 3

చిరంజీవి మమతకు పెద్దబాపు అంబదాస్ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కరెంటు తప్ప.

కరీంనగర్‌లో నీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి నస్పూర్ నుంచి వకీలు నోటీసు వచ్చిందట. పోగు తెగకముందే కెమెరాతో కనిపెట్టి మగ్గాన్ని ఆపే ఉపాయం నీది. నిన్ను దొంగ అనేవాడెవడు? ఫోన్‌లో చెప్పకు, ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదు. ఉత్తరం రాయి.

నీ మేలు కోరే
పెద్దబాపు

తా.క.: మీ పెద్దవ్వ వాళ్లను అప్పుడే తిట్టేసింది. పేరు తెలిస్తే మళ్లీ మొదటినుంచి తిడుతుందట.

కరీంనగర్, జూన్ 6

పెద్దబాపుకు నమస్కారాలు.

ఇది దొంగతనం కాదు. నోటీసు పంపిన భానుప్రసాద్ గారి కంపెనీ బొగ్గు గనుల్లో బెల్టు చిరగకముందే కనిపెట్టే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. తెలియక వాళ్ల పేటెంటు మేం వాడాం, మాది వాళ్లు వాడారు. వాళ్లు నోటీసిస్తే మేమూ ఇచ్చాం. ఇప్పుడు రాజీ మాట నడుస్తోంది. మాది వాళ్లు వాడుకోవచ్చు, వాళ్లది మేం వాడుకోవచ్చు, ఎవరి పేటెంటు వాళ్లదే. దీన్ని క్రాస్ లైసెన్సు అంటారు. ఈ నెల ఇరవై ఐదులోగా సంతకాలు కాకపోతే కోర్టే. కేసు నడిపే శక్తి నాకు లేదు. కంపెనీ మూసేసి పదకొండు మందిని ఇంటికి పంపాలి. చాలా భయంగా ఉంది.

మీరు మాత్రం ఏమీ చేయకండి.

మీ మమత

తా.క.: ‘ఏమీ’ కింద రెండు గీతలు గీశాను, చూడండి.

సిరిసిల్ల, జూన్ 11

చిరంజీవి మమతకు ఆశీస్సులు. గీతలు చూశాను.

ఇచ్చిపుచ్చుకునే ముందు ఇల్లు చూసి రావడం మన పద్ధతి. నీ కంపెనీలో పెద్దలెవరూ లేరు కదా. అందుకే నేనూ, మీ పెద్దవ్వా, చేనేత సంఘం పెద్ద బాలమల్లూ అరటిపళ్లు పట్టుకుని నస్పూర్ పోయి వచ్చాం. మన ఇంటి సంగతి వాళ్లకూ తెలియాలని మా బాపు, అదే మీ తాత, డిజైన్ల బుక్కు తీసుకుపోయాను.

ఆఫీసు శుభ్రంగా ఉంది. భానుప్రసాద్ చాయ్ తాగించి, “పెద్దయ్యా, గీ ఉపాయం ఫస్టు మాదే” అన్నాడు. నాకు మండింది. “నీదెక్కడిదయ్యా! పోగుల కింద అద్దం పెట్టి, పోగు నీడ గీత దాటితే మగ్గం ఆపాలని మా బాపు ఎన్నడో బొమ్మ గీసిండు” అని బుక్కు తెరిచాను. అట్ట మీద 1981 అని ఉంది. వాళ్ల వకీలు ముఖం పాలిపోయింది. బొమ్మను ఫోటో తీసుకున్నాడు.

మన పరువు నిలిచింది.

ఇట్లు
పెద్దబాపు

తా.క.: వాళ్ల కుర్చీలకు చక్రాలున్నాయి. బాలమల్లు కూర్చోబోయి గోడదాకా పోయి వచ్చాడు.

కరీంనగర్, జూన్ 14

పెద్దబాపుకు, నమస్కారం పెట్టే ఓపిక లేకపోయినా నమస్కారం.

ఒక ఉపాయాన్ని అంతకుముందే ఎవరో బయటపెట్టారని తేలితే పేటెంటు నిలవదు. నా చేతిలో ఉన్నది ఆ ఒక్క పేటెంటే. అది పోతే వాళ్లు నాతో రాజీకి ఎందుకొస్తారు? ఆఫీసులో పిల్లల ముఖం చూడలేకపోతున్నాను.

మమత

తా.క.: ఇంకెవరి ఇల్లూ చూడకండి. మా ఇల్లు కూడా.

సిరిసిల్ల, జూన్ 19

చిరంజీవి మమతకు వెయ్యి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. నిన్న వాకిట్లో కారు ఆగి భానుప్రసాద్ దిగేసరికి, మగ్గం వెనక దాక్కుందామనుకున్నాను. అతనే నా చేతులు పట్టుకుని, “పెద్దయ్యా, రెండిట్ల ఉపాయం ఒక్కటే. గా బొమ్మ కోర్టుకు పోతే మీ పిల్ల పేటెంటే కాదు, నాది కూడా పోతది. మనకు కొట్లాటొద్దు. నేను సంతకం పెట్టిన, జర మమతకు అందియ్యుర్రి” అన్నాడు.

ఆ రాజీ కాగితాలు దీంతో పంపుతున్నాను. నువ్వు సంతకం చేస్తే అయిపోయింది. మీవాళ్లెవరూ ఇంటికి పోనక్కర్లేదు. నాకిప్పుడు ప్రాణం లేచి వచ్చింది బిడ్డా. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

ఇట్లు
కుదుటపడ్డ పెద్దబాపు

తా.క.: భానుప్రసాద్ పోయాక మీ పెద్దవ్వ బొమ్మ చూసి ఒకటే నవ్వు. “గిది మీ బాపు గీసిండా? మూడో తరగతి సెలవులల్ల మన మమత గీ బుక్కుల ఖాళీ పేజీ చూసి గీసింది. మూలకు పిల్లిని చూడలేదా?” అంది. ఆ పిల్లిని వకీలు చేనేత సంఘం ముద్ర అనుకున్నాడు. నేనూ అంతే. ఉపాయం మొదటినుంచీ నీదేనని భానుప్రసాద్‌కు చెప్పాల్సిందే. ముందు నువ్వు సంతకం పెట్టు.