కట్టె మీద కూర్చునే మనిషి

గోడాదరా, సూరత్
2021, ఆషాఢం

నాకు ఉలి పట్టడం నేర్పిన సాంబయ్య బావకు, నీ చెల్లె మొగుడు రాజమౌళి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఫోన్లో ఎంత అరిచినా నా మాట నీ చెవికి అందడం లేదని కాగితం పట్టాను. నీ మేనల్లుడు పరమేశ్ ఒక మిషన్ కొందామని పట్టుబట్టాడు. తలుపు చౌకట్లకూ మంచం పట్టెలకూ మనం ఉలితో తొలిచే బెజ్జాలను అది తొలుస్తుందట. స్విచ్చి వేసి చేత్తో పిడి వంచితే నలుచదరపు ఉలి వెన్నలోకి దిగినట్టు టేకులోకి దిగుతుందట. వద్దన్నాను. ఊరికే అనలేదు, శాస్త్రం ముందు పెట్టి మరీ అన్నాను.

మొన్న ఏకాదశికి మనవాళ్ల భజన మళ్లీ మొదలైంది. అందరూ మూతిగుడ్డలు కట్టుకుని దూరం దూరంగా కూర్చున్నారు. ఎప్పటిలా నేను చెప్పాల్సిన పురాణకథ పక్కన పెట్టి దీన్నే అందుకున్నాను. "మయబ్రహ్మ సంతతి వడ్రంగికి భగవంతుడు ఉలి ఇచ్చాడు, కొట్టడానికి కొడతి ఇచ్చాడు. మోటారు ఇచ్చాడా? చేతిని మరిచిన శిల్పి దేవుణ్ణి మరిచినవాడే" అని గర్జించాను. వెనక నుంచి మగ్గాల బుచ్చిరాములు లేచాడు.

"రాజమౌళి మామా, మేం పొద్దంత మిషన్ల మీదనే నేస్తం. గట్లయితే మేమంత నరకానికే పోతమా? పోతే పోతం గని, ఆడనన్న కరెంటు సక్కగ ఉంటదా, జర అడిగి చెప్పు."

గుడ్డల వెనక అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు చేసి హారతి ఇచ్చేశాను.

బావా, నీ దగ్గర దాపరికం ఎందుకు? ఆ మిషన్‌కు ఒక ఇనుప చేయి ఉంది. కట్టెను కదలకుండా అదిమి పడుతుంది. పరమేశ్ దాని బొమ్మ చూపిస్తూ, "బాపూ, ఇగ కట్టె మీద మనిషి కూసునే పని లేదు" అన్నాడు. అన్నాక వాడే తల దించుకున్నాడు. ఆ కూర్చునే మనిషి ఎవరో నీకు నేను చెప్పాలా? కొత్త కోడలిగా సూరత్ వచ్చిన నాటి నుంచి నేను బెజ్జం కొడుతుంటే కట్టె మీద బొంత మడిచి వేసుకుని కూర్చున్నది నీ చెల్లె ఊర్మిళే. ఒడిలో చాట పెట్టుకుని బియ్యం ఏరేది. ఒక బెజ్జం పూర్తయ్యాక నేను తల ఎత్తకుండానే "జరుగు" అనేవాణ్ణి. జరిగేది. మా కాపురంలో మేం మాట్లాడుకున్నదాంట్లో ఎక్కువ వంతు ఆ ఒక్క మాటే అనుకుంటాను.

చైత్రంలో ఆమె పోయింది. ఇప్పుడు కట్టెను తాడుతో కడుతున్నాను, ఇసుక బస్తా ఎత్తుతున్నాను. దెబ్బ పడితే జారుతూనే ఉంది. జారనీ. ఆమె చోట ఇనుమును కూర్చోబెట్టే పాపం నా చేతుల మీదుగా జరగదు.

నీ చెల్లె బొంతను ఎండకు వేసి మడిచి పెడుతూ,
రాజమౌళి

* * *

గోడాదరా
శ్రావణం

పుట్టెడు దుఃఖంలోనూ నా క్షేమం అడిగిన బావకు,

నీ జవాబు అందింది. "నా చేతికింద పని నేర్చినోడివి మిషన్ తెచ్చినవని నేను వినద్దు" అని రాశావు. ఆ కాగితం పరమేశ్ ముందు పెట్టి, చూడు, మీ మామ కూడా ఇదే అంటున్నాడని గెలిచినట్టు మాట్లాడాను. ఆ వారమే కట్టె జారి ఉలి ఎడమ అరచేతిలోకి దిగింది. కుట్లు పడ్డాయి. కట్టుతోనే మళ్లీ పనికి కూర్చున్నాను. ఒప్పుకున్న చౌకట్లు ఆగిపోయి ఉన్నాయి.

అప్పుడు కోడలు సంగీత చీరలకు రాళ్లు అంటించే పని పక్కన పెట్టి వచ్చింది. బొంత తెచ్చి కట్టె మీద పరిచి, దాని మీద కూర్చుంది. లే బిడ్డా అన్నాను.

"మీకేం తకలీఫ్ మామా? చాలూ చెయ్యుండ్రి. నేనేం కింద పడ."

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట అట్లాగే ఉంటుంది; చాలూ అంటే మొదలుపెట్టమని. కొడతి ఎత్తాను. ఎప్పుడూ నా చూపు ఉలి మొన మీదే ఉండేది. ఆ రోజు చేతికట్టు వల్ల నిదానంగా కొడుతూ తల ఎత్తి చూశాను. దెబ్బ దెబ్బకూ పిల్ల నడుము అదురుతోంది. పళ్లు బిగబట్టి కూర్చుంది. పైకి మాత్రం నవ్వుతోంది. బావా, నీ చెల్లె కూడా ఇట్లాగే అదిరి ఉంటుంది కదా. రాత్రిళ్లు నడుముకు నూనె రాసుకుంటుంటే వయసు అనుకున్నాను.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. ఆమెను తీసుకుపోయిన రోజు సంగతి. అంబులెన్సులో బల్ల మీద కూర్చోబెట్టారు. ఊపిరి అందడం లేదు. నేను తలుపు దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి, నేనేమీ అనకముందే, నాకు చోటు ఇవ్వడానికి పక్కకు జరిగింది. పేషెంటు ఒక్కరే అని అంబులెన్సు పిల్లవాడు తలుపు వేశాడు. వాడిదేం తప్పు, అప్పటి కరోనా కట్టడి అట్లా ఉంది. ఆమె జరిగింది, నేను ఎక్కలేదు. తర్వాత బూడిదే ఇచ్చారు.

ఎంతమంది చావుల దగ్గర చెప్పాను బావా! ఆత్మను శస్త్రం కోయదు, నిప్పు కాల్చదు, దేహమంటే విడిచిన పాతబట్ట అని. నేత పనివాళ్లకు ఆ మాట తొందరగా పట్టేది. నీ చెల్లె పదో రోజున బుచ్చిరాములు, "మామా, రెండు మంచి మాటలు చెప్పు" అన్నాడు. నోరు తెరిచాను. ఆ బల్ల మీద ఖాళీ చోటు తప్ప ఏమీ కనిపించలేదు. శాస్త్రం అబద్ధం కాదు. నాకే నోరు రాలేదు.

సంగీతను లేపాను. కొట్టే బెజ్జం సగంలో ఆపి పరమేశ్‌ను పిలిచి మిషన్ తెమ్మన్నాను. ఆ చోటును దేవుడి గద్దెలా కాపాడుకుందామనుకున్నాను. కానీ ఖాళీగా ఉంటే ఇంకో ఆడపిల్ల వచ్చి కూర్చునే చోటు అది. నీకు కోపం వస్తుందని తెలుసు. తిట్టు, పడతాను.

నీ మాట దాటిన
రాజమౌళి

* * *

గోడాదరా
భాద్రపదం, విశ్వకర్మ పూజ మరునాడు

నా మీద అలిగి జవాబు మానిన బావకు,

మిషన్ వచ్చింది. నిన్న పూజలో నువ్విచ్చిన ఉలికి, కొడతికి, దానికి కూడా బొట్టు పెట్టాను. పనిముట్లకు నిన్న విశ్రాంతి. ఇవాళ పొద్దున పరమేశ్ కట్టె ఎక్కించి ఇనుప చేయి బిగించాడు. నేను పిడి వంచాను. నున్నగా దిగింది బెజ్జం. కట్టె వెంట్రుకంత కూడా కదలలేదు. బాగుందని చెప్పడానికి నాకు మనసు రాలేదు, బాగాలేదని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో బెజ్జానికి కట్టెను ముందుకు నడపాలి. దానికొక చక్రం ఉంది, తిప్పితే చాలు. నేను తల ఎత్తకుండా, "జరుగు" అన్నాను.

పరమేశ్ మోటారు ఆపేశాడు. గడప పక్కన బల్ల మీద నీ చెల్లె బొంత వేసుకుని సంగీత రాళ్లు అంటిస్తోంది. తనతోనే అన్నాననుకుంది పాపం. ఒడిలో చీర ఎత్తి పట్టుకుని పక్కకు జరిగింది. బొంత మీద నేను కూర్చునే మందం చోటు అయింది.

"కూసోండ్రి మామా."

వెళ్లి కూర్చున్నాను బావా.

రాజమౌళి