ఈ గదిలో జబ్బు ఎవరికి?

నారిన్,
అక్టోబరు 4

సైరా అక్కకి,

నీ చెల్లెలు బురుల్ ప్రేమతో రాసుకుంటున్నది. తలాస్‌లో చలి మొదలైందా? నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నా సంగతి చదివితే నీకు ఒళ్ళు మండుతుంది. మండాలనే రాస్తున్నాను.

నాకు కాన్సరట. పోయిన నెల బిష్కెక్‌లో రొమ్ములో గడ్డకి పరీక్ష చేయించుకున్నాను కదా, అదే. ఎవరూ చెప్పలేదు, పళ్ళెంలో పడ్డ ముక్కని బట్టి తెలిసింది. ఆదివారం పెద్దబావగారు గొర్రెను కోయించి అందరినీ పిలిచారు. వడ్డనలో తోకమూలం ముక్క తెచ్చి నాకు పెట్టారు. పెద్ద తోటికోడలు ఎదురుగా కూర్చుని ఉండగా, ఆవిడకి దక్కాల్సిన ముక్క చిన్న కోడలినైన నాకు! ఆవిడ అలగకపోగా, "తినవే తల్లీ" అంది. ఇరవై రెండేళ్ళలో ఆ నోట 'తల్లీ' అన్న మాట నేను వినలేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

టీ తెస్తానని లేచి తలుపు వెనక నిలబడ్డాను.

"పక్కవీధి వాళ్ళు ఢిల్లీ తీసుకెళ్ళారు. మనమూ అక్కడికే పోతే ఏం గొప్ప? సియోల్ అయితేనే నలుగురిలో తలెత్తుకుంటాం" అన్నారు బావగారు.

"ఇస్తాంబుల్ నయం. తోడు నేనెళ్తా. పనిలో పనిగా ఒక తోలుకోటు చూసుకోవచ్చు" అంది తోటికోడలు.

రోగుల్ని పైదేశాలకి పంపి కమీషను తీసుకునే ఎర్కిన్ అనేవాడొకడు వచ్చాడు. జిడ్డు వేళ్ళతోనే రంగుల పుస్తకం తిప్పుతూ, "నూటికి నూరుపాళ్ళు బాగుచేస్తారు. గదిలో సోఫా కూడా ఉంటుంది" అన్నాడు.

"తనకి మాత్రం కాన్సరని చెప్పొద్దు, చిన్న గడ్డ అనే చెప్పండి." ఇది మా ఆయన గొంతు.

చూశావా అక్కా! నా రొమ్ము సంగతి కొవ్వు నములుతూ తేలుస్తున్నారు! ఛీ! ఆయన పక్కన పడుకోవాలన్నా రోతగా ఉంది. నేనెక్కడికీ వెళ్ళను. ఇక్కడే పోతాను.

నీ
బురుల్


నారిన్,
అక్టోబరు 19

అక్కా,

నీ జవాబు అందింది. నాలుగు పేజీల ఓదార్పు వస్తుందనుకున్నాను. ఒక్క వాక్యం రాశావు: "మీ అత్తగారికి నువ్వు చేసిందేమిటే?"

కాగితం విసిరికొట్టాను. తర్వాత తీసి మళ్ళీ చదివాను.

అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడ మందుసీసాల మీది కాగితాలు గోటితో గీకేసింది నేనే. మూడుసార్లు అడిగింది ఆవిడ, "ఇది వేరే జబ్బేమోనే?" అని. "కడుపులో పుండే అత్తమ్మా" అన్నాను. పుట్టిన ఊరు ఒక్కసారి చూసొస్తానంటే, "తగ్గాక వెళ్దాం" అన్నాను. తగ్గదని నాకు తెలుసు. ఆవిడని బిష్కెక్ దాకా కూడా తీసుకెళ్ళొద్దని తేల్చిందెవరో తెలుసా? ఇక్కడి డాక్టరు నాకూ తోటికోడలికీ చెప్తే, వంటింట్లో మేమిద్దరమే అనుకుని మానేశాం. బావగారిని అసహ్యించుకోవడం తేలికే అక్కా. ఇప్పుడు అద్దంలో నా ముఖం చూసుకుంటే అంతకన్నా ఎక్కువ రోత పుడుతోంది.

మర్నాడు బిష్కెక్ డాక్టరు పేరు చెప్పిన ఢిల్లీ డాక్టరమ్మతో మగవాళ్ళు వీడియోలో మాట్లాడుతుంటే లోపలికి వెళ్ళాను. ఆవిడ, దుబాసీ చేత, "ఈ గదిలో జబ్బు ఎవరికి?" అని అడిగించింది.

"నాకు" అన్నాను.

"అయితే మీరు ముందుకి రండి. మిగతావాళ్ళు జరగండి."

బావగారు జరిగారు! ముందు ఆరునెలలు మందులు, తర్వాత ఆపరేషన్ అంది. నేను బతుకుతానా అని అడిగాను. "మాట ఇవ్వలేను. తెలిసింది మాత్రం మీ దగ్గర దాచను" అంది. ఢిల్లీకే వెళ్తానని అక్కడే చెప్పేశాను. బావగారు ఇంకా ముఖం మాడ్చుకునే ఉన్నారు.

నిన్న సాయంత్రం అత్తగారి పేర నూనె కాచి రొట్టెలు వేశాను. ఆ వాసన పోయినవాళ్ళకి చేరుతుందంటారు కదా. పొయ్యి దగ్గర నిలబడి పైకే అన్నాను: "అత్తమ్మా, అది పుండు కాదు. కాన్సరు. నేను అబద్ధం చెప్పాను."

వెనక ఏదో చప్పుడైంది. మా ఆయన గుమ్మంలో ఉన్నారు. తల్లికి ఏం జబ్బో ఆయనకీ అప్పుడే తెలిసింది అక్కా. ఆయనక్కూడా చెప్పలేదు మేము.

బురుల్