మూడోసారి మోగిన ఆంప్లిఫయరు

సెందాయ్,
అక్టోబరు 4

తోకుజి బావకి,

ఇక్కడ చలి మొదలైంది. నా మోకాళ్ళు తప్ప అందరం కులాసా. మొన్న మీ ఇంట్లో చెల్లాయి చేసిన సోబా నూడుల్స్ బ్రహ్మాండం. భోజనం తర్వాత నువ్వు వినిపించినదాని మీద అభిప్రాయం రాయమన్నావు. వద్దులే అన్నా వినలేదు కాబట్టి రాస్తున్నాను.

కారు అమ్మి కొన్న ఆ స్విస్ ఆంప్లిఫయరు, నీ హోల్‌బర్గ్, చూడ్డానికి బ్యాంకు లాకరులా ఉంది. వినడానికీ అంతే. పళ్ళ డాక్టరువి కదా, పాటకి కూడా మత్తింజక్షను ఇచ్చి కూర్చోబెట్టావు. నా కాఫీ హోటల్లో కురొగానె వాల్వుల ఆంప్లిఫయరు ముందు కూర్చుంటే ట్రంపెట్ వాయించేవాడి ఊపిరి మెడకి తగుల్తుంది.

మీ బావ,
ఒనొదెరా సాకుఇచి

తా.క.: నిజం చెప్పానని మనసులో దాచుకోకు. ఆ మిషన్లో అసలే దాచుకోకు, బయటికి రాదు.

*

మత్సుమొతొ,
అక్టోబరు 9

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

"అన్నయ్య సరదాకి రాశాడు" అంటోంది మీ చెల్లెలు. సరదాకి రాసినవాళ్ళు కింద సంతకం చెయ్యరు.

మీ మెడకి తగిలేది వాయించేవాడి ఊపిరి కాదు, మీ ట్రాన్స్‌ఫార్మరు గురక. కురొగానెలో ఏడుపు పాట కూడా కమ్మగానే ఉంటుంది. సోయా సాసు ఎందులో పోసినా ఒకే రుచి. హోల్‌బర్గ్ ఉన్నదున్నట్టు చెబుతుంది. ఉన్నదున్నట్టు వినే చెవులు మీకు సిగరెట్టు పొగలో ఎప్పుడో పోయాయి. ఇక మీ హోటలు గడప తొక్కను.

విధేయుడు,
హిరాబయాషి తోకుజి

తా.క.: అన్నయ్యా, ఫుమియెని. ఈయన పొద్దస్తమానం ఆ మిషన్ని తుడుస్తూ "మత్తింజక్షనట" అని గొణుక్కుంటున్నారు. నేను మధ్యలో చస్తున్నాను. ఏదో ఒక మంచి మాట రాసి పారెయ్యి.

*

సెందాయ్,
అక్టోబరు 13

బావా,

చెల్లాయి అడిగింది కాబట్టి మంచి మాట రాస్తున్నాను. నీ హోల్‌బర్గ్ మీటరులో నీలం వెలుగు చాలా బాగుంది. కరెంటు బిల్లు దాని వెలుగులోనే చదువుకోవచ్చు.

అసలు ఈ గొడవ ఎందుకొచ్చిందో ఆలోచించాను. సొంత డబ్బు పోసిన చెవికి తప్పు వినబడదు. నీ సంగతే చెబుతున్నాను, నాది వేరు.

ఆదివారం కురొగానెని వ్యానులో వేసుకొస్తాను. తెర కట్టి, నీదీ నాదీ మార్చి మార్చి విందాం. చెల్లాయి తన కోటో వీణ వాయించిన టేపు పెడదాం. దాని చేతిలో కోటో ఎలా పలుకుతుందో మనిద్దరికన్నా ఎవరికి తెలుసు?

సాకుఇచి

తా.క.: దించడానికి ఇద్దరు కావాలి. నీ నడుము సంగతి తెలుసు, చెల్లాయిని రమ్మను.

*

మత్సుమొతొ,
అక్టోబరు 19

బావగారికి,

నిన్న మీరు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నాకేం బాధ లేదు.

ఫుమియె తెర వెనక నుంచి మూడుసార్లు వినిపించింది. మొదటి రెండూ ఇద్దరం సరిగ్గానే పోల్చుకున్నాం. మూడోది మొదలవగానే "ఇది కురొగానె, తీగల మోత ఉబ్బిపోయింది" అన్నాను నేను. మీరేమో "హోల్‌బర్గే ఇది, ఎండుచేపలా ఉంది, వాయించే మనిషికి గుండె లేదు" అన్నారు. ఇద్దరిలో ఒకరికి చెవుడు. ఆ ఒకరు నేను కాదు.

ఏది నిజమో ఫుమియె చెప్పడం లేదు. నిన్నటి నుంచి నాతో మాటల్లేవు. దానికీ మీరే కారణం.

తోకుజి

తా.క.: ఈసారి ఫుమియె ఏమీ రాయనంది.

*

సెందాయ్,
అక్టోబరు 22

చెల్లాయికి,

మీ ఆయనకి రాయడం మానేశాను. మూడోది ఏదో నువ్వే ఒక్క ముక్క రాయి. అది హోల్‌బర్గ్ కాకపోతే నా కురొగానెని అమ్మేస్తాను.

అన్నయ్య

తా.క.: అమ్మను. ఊరికే అన్నాను. అయినా రాయి.

*

మత్సుమొతొ,
అక్టోబరు 26

అన్నయ్యకి,

మూడోసారి రెండు మిషన్లూ ఆపేసి ఉన్నాయి. తెర వెనక కూర్చుని వాయించింది నేను.

ముందుగా అనుకుని చేసింది కాదు. టేపు రెండుసార్లు తిరిగింది. మీరిద్దరూ తీగల గురించి, మీటర్ల గురించి కొట్టుకున్నారు గానీ వాయింపు ఎలా ఉందో ఒక్కరూ అనలేదు. నా కోటో అక్కడే గోడవార ఉంది. వేళ్ళకి మీటే గోళ్ళు తొడుక్కుని అదే పాట ఎత్తుకున్నాను. అన్నయ్యా, జన్మలో నేను అంత బాగా వాయించలేదు. తెర అవతల నుంచి "గుండె లేదు" అని నీ గొంతు వినబడింది. మొదట నవ్వొచ్చింది. గోళ్ళు ఊడదీస్తుంటే ఏడుపొచ్చింది.

ఇవాళ పొద్దున ఆయనకి చెప్పేశాను. చాప్‌స్టిక్కులు కింద పెట్టి, మిసో సూపు గిన్నె పక్కకి జరిపారు. "నువ్వు గోడకి మరీ దగ్గరగా కూర్చున్నావేమో. అలా కూర్చుంటే తీగలు ఉబ్బుతాయి" అన్నారు.

వచ్చే నెల పన్నెండున ఇక్కడ నా కచేరీ ఉంది. ఇద్దరికీ వేరువేరు వరసల్లో సీట్లు చెప్పాను. రండి, వినండి. అభిప్రాయం మాత్రం ఎవరూ రాయొద్దు.

నీ చెల్లెలు,
ఫుమియె

తా.క.: బావగారూ, తోకుజిని. ఉత్తరం పోస్టు చెయ్యమని నా చేతికిచ్చింది. మధ్యాహ్నం ఇంకోసారి వాయించమని బతిమాలాను. తెర లేకుండా ఎదురుగా కూర్చున్నాను. ఎన్నేళ్ళయిందో అలా కూర్చుని. చాలా బాగుంది, కళ్ళు చెమర్చాయి. అయితే, కొంచెం ఉబ్బిన మాట మాత్రం నిజం. మీ చెల్లెలికి చెప్పకండి.