కట్ చేసిన ఫోను

హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సు నుంచి

చెల్లెలు పైడమ్మని అన్న అప్పలస్వామి దీవించి రాయునది. నా రాత కోడి గీతలు. తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. మన బడిలో నేర్చుకున్నది కొంచెం, అదీ మిల్లులో మరిచిపోయాను. మీ వాడి చేత చదివించకు, సిగ్గు. నువ్వే కూడబలుక్కుని చదువు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. వాన వదలడం లేదు, నేను మీ దగ్గరికి రావాల్సిన రైలు కూడా దానికే రద్దయింది. కోడలు చేపల పులుసులో ఆవపిండి వేస్తోంది, తింటున్నాను. నువ్వు వేళకి తింటున్నావా? బావకి ఇంకా ముక్కు గొట్టంలోంచే పోస్తున్నారా, నోటితో తాగనిస్తున్నారా?

ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. "మా అన్న దేశాలు తిరగడానికెల్లి, ఆపరేషనుకెల్లే మనిషి ఫోను కట్ సేసేసినాడు" అని అందరితో అన్నావట. నిజమే. కట్ చేశాను. ఎలాగో విను.

బావ ఆపరేషను వచ్చే వారం అన్నారు గదా. ఆ వేళకి మీ దగ్గరికి రావాలని హౌరాలో టిక్కెట్టు కూడా తీసి ఉంచాను. ఈలోగా మా వాడు సెలవు పెట్టి భూటాన్ అన్నాడు. రానంటే వినలేదు. "ఫోనుకి ప్యాకు ఏయించేను నాన్నా, మనూర్లో ఉన్నట్టే మాటాడుకో" అన్నాడు.

ఆ రోజు వాళ్ళు కొండ మీది గుడికి ఎక్కారు. నేను మోకాళ్ళు పట్టుకుని కింద కారు దగ్గర కూర్చున్నాను. నీ ఫోను మోగింది. ఎప్పటిలాగే కట్ చేశాను. నీ డబ్బులు పోకూడదని, నువ్వు చేస్తే కట్ చేసి నేనే తిరిగి చేయడం మనకి ఎన్నేళ్ళ నుంచో అలవాటు గదా. నీ నంబరు కొట్టాను. ఎవరో ఆడమనిషి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అంతే, పోయింది. మళ్ళీ నువ్వు చేశావు. కట్ చేసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆవిడే. మూడోసారీ అంతే. మూడోసారైనా ఎత్తలేదేం అంటావు. నేనూ అదే అడుగుతున్నాను. చెయ్యి దానంతటది నొక్కేసింది.

డ్రైవరు టీ తాగి వచ్చి చూసి నవ్వాడు. "నంబరు ముందు ప్లస్సు తొంభై ఒకటి కొట్టాలి దాదూ. ఇది వేరే దేశం" అన్నాడు. ఇన్నేళ్ళుగా నోటికొచ్చిన నంబరు, సరిహద్దు గేటు దాటితే పనికిరాదట. అతనే కొట్టి ఇచ్చాడు. మీ వాడు ఎత్తాడు.

"ఇప్పుడా మావయ్యా? ఆపరేషను ముందుకి జరిపేసినారు. నీతోటి మాటాడాలని నాన్న ఫోను సేత్తో పట్టుకునే కూకున్నాడు. ఇప్పుడే లోపలికి తీసుకెల్లిపోనారు."

గొంతు తీసేస్తారని తెలిసి, ఉన్న గొంతుతో ఆఖరున నాకు ఏదో చెప్పాలనుకున్నాడు. ఏటి చెప్పాలనుకున్నాడు పైడమ్మా? నీకైనా చెప్పాడా?

మా వాడు కొండ దిగి వచ్చి, "రోమింగులో ఇలాటివి మామూలే నాన్నా" అన్నాడు. మామూలేనట. ఇంటికొచ్చాక మెసేజీ వస్తే చదివి చెప్పాడు. ప్యాకులో నిమిషాలు వాడకుండానే మిగిలిపోయాయట. ఆ నిమిషాలు ఏం చేసుకోను?

బడ్జ్ బడ్జ్ జూటు మిల్లులో బావదీ నాదీ పక్కపక్క మగ్గాలు. ఆ మోతలో మాట వినబడేది కాదు. చేతులతోనే చెప్పుకునేవాళ్ళం. మిల్లు ఈల కూసి బయటికి వచ్చాక మాత్రం మాటలన్నీ అతనివే. నాకు మాటలు రావు, నేను వినేవాణ్ణి. ఇంక వినడానికి లేదు.

కానీ చేతులు ఉన్నాయి గదా. మీ వాడి చేత బొమ్మ కనబడే ఫోను ఒక్కసారి చేయించి బావ ముందు పెట్టు. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే. అతను మగ్గం దగ్గర తిట్టినట్టు చేతులతో నన్ను తిట్టినా చాలు. ఈసారి మోగితే కట్ చెయ్యను.

పెద్దత్తకి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి దీవెనలు.

ఫోను చెయ్యబుద్ధి కాకపోతే కార్డు ముక్కైనా రాయి. తొందరగా రాయి.

మీ అన్న
అప్పలస్వామి