నా బట్టలు ఆరే చోటు

ఎగైలా, కువైట్,
ఫిబ్రవరి 9.

శివపార్వతి నాయనకు,

తిరుపాలమ్మ రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, పాప, అత్త అక్కడ బాగున్నారని తలుస్తాను. బాగున్నానని రాయడం ఉత్తరానికి మర్యాద కాబట్టి రాశాను. నిజానికి రెండు రోజులుగా ఒళ్లు మండిపోతోంది. ఆ మంటలో సగం నీ మీదే.

మన ఊరి నుంచి రామాంజులు మొన్న తెచ్చిచ్చిన నీ ఉత్తరం, చెనిక్కాయల పొడి అందాయి. ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. మోకాలి నొప్పి తగ్గింది. పాపకు పదో తరగతి అయ్యేదాకా ఫోను కొనొద్దు. ఫోనులో సరిగా మాట్లాడవేం అన్నావు. ఈ ఇంట్లో నేను హాల్లో, అందరి ముందే ఫోను మాట్లాడాలి. అందుకే సెలవు మీద వస్తున్న సుబ్బు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక చివర్లో రాశావే, “ఆ ఖాజా గొడవ నీకెందుకు, నోరు మూసుకొని నీ పని చూసుకో” అని. అది చదివి ఉత్తరం చించబోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని అత్త అంటుంది గానీ, నోరు మూసుకుంటే మంచిదని ఎవరూ అనలేదు. నోరు మూసుకున్నందుకే ఇంత జరిగింది. మొత్తం చెబుతాను. మధ్యలో “సరేలే, సరేలే” అనడానికి నీకిక్కడ వీల్లేదు.

రాయచోటి ఖాజా హుస్సేన్ ఈ ఇంటి డ్రైవరని, ఈతకొలను చూసుకునేదీ అతడేనని, ఆ కొలను గొడవలో తిట్లు పడుతున్నాడని రాశాను కదా. చలికాలంలో కూడా పిల్లలు ఈదాలని కొలను నీళ్లను పంపుతో మిద్దె మీది నల్లటి సోలార్ పలకల్లోకి ఎక్కిస్తారు. ఆ నీళ్లు ఎండకు వేడెక్కి కిందికి దిగుతాయి. దిగే నీళ్లలో బుడగలు మొదలయ్యాయి. అన్నం కుండ ఉడికినట్టు ఒకటే బుడబుడ. ఖాజా పంపు మూతకు రబ్బరు మార్చాడు, అతుకులన్నీ బిగించాడు. అయినా తగ్గలేదు. గురువారం లోపల బాగు కాకపోతే ఖలాస్, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి ఇంటికి పంపిస్తానని బాబా చెప్పేశాడు. బాబా అంటే ఈ ఇంటి యజమాని, మామా అంటే ఆయన పెళ్లాం.

చివరికి ఖాజా మిద్దెకు వెళ్లే గొట్టాన్ని మూసి చూశాడు. బుడగలు టక్కున ఆగిపోయాయి. వంటింటి కిటికీ దగ్గరికి పరుగున వచ్చాడు.

“అక్కా, పంపులో ఏం ల్యాదు. గాలి మిద్దె మీంచి గుంజుకుంటాండాది!”

పైకెళ్లి గొట్టాలకు సబ్బు నురగ పూసి వెతికాడు. పలకల కొసన గాలి కోసం పెట్టిన చిన్న మూత ఒకటుంది. దాని మెడ దగ్గర నెర్రె ఇచ్చింది. నురగంతా ఆ నెర్రెలోకే పోయింది. మన బావి మోటారు గాలి పట్టినప్పుడు నువ్వు చూపించేవాడివే, అదే సంగతి.

బాబా వచ్చి చూశాడు. “నువ్వే తొక్కి విరగ్గొట్టావు, ఖలాస్, ఇంటికి పో” అన్నాడు.

“అల్లా మీద ఒట్టు బాబా, నేను దాన్ని ముట్టుకోనే ల్యాదు!” భయంలో ఖాజాకు అరబ్బీ ఒక్క ముక్క రాలేదు, తెలుగులోనే మొత్తుకున్నాడు. నా వైపు తిరిగి, “అక్కా, నువ్వన్నా చెప్పు” అన్నాడు. నేను బకెట్ పట్టుకొని నేల చూపులు చూశాను.

దాన్ని విరగ్గొట్టింది నేనే.

వచ్చిన కొత్తలో మామా మిద్దె మీది తీగ చూపించి, “మా బట్టల పక్కన నీవి ఆరేయొద్దు” అంది. మరెక్కడ ఆరేయాలో చెప్పలేదు. వాళ్ల లోపలి బట్టలు చేత్తో ఉతికేది నేను. వాళ్ల అన్నం వండేది నేను. నా నైటీ గాలి తగిలితే మాత్రం వాళ్ల బట్టలు మైలపడతాయి! పలకల వెనకైతే ఎవరికీ కనబడదని ఆ మూతకూ గోడ మేకుకూ తాడు కట్టుకున్నాను. రెండేళ్లు నా తడి బట్టల బరువు మోసి అది విరిగింది. మిద్దె మీద అని ఖాజా నోట వినగానే, అతని కంటే ముందు పరుగెత్తి తాడు విప్పి దాచింది కూడా నేనే. రాయడానికి సిగ్గుగా ఉంది.

నిన్న ఖాజా పెట్టె సర్దుకున్నాడు. వాళ్లమ్మ బషీరా బీకి ఫోను చేసి ఏం చెప్పాలో తెలియక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. టీ ఇస్తే, “నువ్వు మాత్రం ఏం జేస్తావులే అక్కా” అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

నేరుగా హాల్లోకి వెళ్లి తాడు మామా ముందు పడేశాను. వచ్చీరాని అరబ్బీలో, ఖాజా తప్పేం లేదు, అది విరిగింది నా బట్టల బరువుకే అని చెప్పాను.

“లేష్?” అని అరిచింది. అక్కడెందుకు ఆరేశావని.

“నీ తీగ మింద వద్దంటివి కదా మామా! తడి గుడ్డలు ఒంటి మిందే ఆరబెట్టుకోవాల్నా?” అన్నాను, సగం అరబ్బీ, సగం మన మాట. అర్థమైంది. మొహం తిప్పుకుంది.

ఖాజా కొత్త మూత బిగించి, పెట్టె విప్పేశాడు. బుడగలు ఆగాయి. నా సంగతి ఈ రాత్రికి తేలుస్తానన్నాడు బాబా. పంపించేస్తే పాప చదువు ఎట్లా అని నువ్వు తల పట్టుకుంటావు. నాకూ అదే భయం. అయినా నోరు మూసుకో అని మాత్రం ఇంకోసారి రాయకు.

ఈ పొద్దున బాబా వేసుకునే తెల్ల దిష్‌దాషా అంగీలు, పిల్లల తువ్వాళ్లు తీగ మీద ఆరేశాను. వాటి నడుమ నా పచ్చ నైటీ ఆరేసి నాలుగు క్లిప్పులు పెట్టాను. దాని నీడలో కూర్చొనే ఇది రాస్తున్నాను. మామా ఒకసారి పైకొచ్చి చూసి వెళ్లింది. ఇంకా ఎవరూ తీయలేదు. తీస్తే మళ్లీ అక్కడే ఆరేస్తాను.

ఇట్లు,
మీ పాప అమ్మ,
తిరుపాలమ్మ